మునగని మనిషి బావి అడుగున: ఒక ఓరుగల్లు మర్డర్ మిస్టరీ కేస్ స్టడీ

నేను మర్డర్ మిస్టరీలు రాస్తాను. పుస్తకాలుగా కాదు, ఒక సాయంత్రం హాల్లో కూర్చున్నవాళ్లు తామే దర్యాప్తు చేసి ఛేదించే ఆటలుగా. పాత్రలు వాళ్లే, దర్యాప్తు చేసే తలారులు (పాతకాలపు ఊరి కావలివాళ్లు) వాళ్లే, చివర తీర్పు చెప్పేదీ వాళ్లే. హనుమకొండలో ఒక చదువరుల బృందం అడిగితే సూపర్ హీరోలతో ఒకటి రాశాను. మూడుసార్లు ఆడించాం. మొదటిసారి ఘోరంగా దెబ్బతింది, మూడోసారి నిలబడింది. ఆ మధ్యలో జరిగిందంతా ఇక్కడ పెడుతున్నా. హంతకుడెవరో కూడా చెప్పేస్తాను, అది దాచి ఈ కేసు గురించి మాట్లాడటం కుదరదు.

సూపర్ హీరోల లోకంలో హత్య కథ రాయడం ఎందుకు కష్టమో ముందు చెప్పాలి. మామూలు హత్య కథలో తలుపు లోపల గడియ వేసి ఉంటే అది చిక్కు. గోడలోంచి నడిచి వెళ్లగల మనిషి ఉన్న లోకంలో గడియకు అర్థమే లేదు. ఎవరైనా ఏమైనా చేయగలిగితే ఏ ఆధారమూ దేన్నీ రుజువు చేయదు. అందుకే చాలామంది ఈ జోడీని వదిలేస్తారు. నేను పట్టుకున్నది ఒకే దారి. శక్తి గొప్పతనం మీద కాకుండా దాని హద్దు మీద కథ కట్టాలి. హత్యకు ఏ హద్దు దారి ఇచ్చిందో, హంతకుడి కడుపుమంటకూ ఆ హద్దే కారణం కావాలి. ఈ రెండూ వేర్వేరైతే కథ చివర్లో అతికించినట్టు ఉంటుంది.

లోకం సంగతి. మన చరిత్రలో ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలుగ్ ఖాన్ ఓరుగల్లు మీదికి రెండుసార్లు వచ్చాడు. మొదటి ముట్టడిలో ఢిల్లీలో సుల్తాను చనిపోయాడని ఒక పుకారు పుట్టి, సైన్యం చెదిరి, దేవగిరి వైపు వెనక్కి తగ్గాడు. అది అబద్ధపు పుకారు. 1323లో మళ్లీ వచ్చి కోట పట్టాడు. ప్రతాపరుద్రుణ్ణి బందీగా ఢిల్లీకి తీసుకుపోతుంటే నర్మద ఒడ్డున ఆయన ప్రాణం పోయిందని విలస తామ్రశాసనం చెబుతుంది. నేను మార్చింది ఒక్కటే: ఆ పుకారు నిజమైంది. ఉలుగ్ ఖాన్ తిరిగి రాలేదు.

ఒక్క మేకు పీకితే ఎంత కదులుతుందో రాస్తూ పోతేగానీ తెలియలేదు. మొదటి ప్రతిలో ఎస్సై ఉన్నాడు. రాత చూసిన మిత్రుడు అడిగాడు, "నిజాం లేడు, బ్రిటిష్ వాళ్లు లేరు, మరి ఎస్సై ఏడికెల్లి వచ్చిండు?" ఎస్సై పోయి తలారి వచ్చాడు. 1934లో పుట్టిన ఆజంజాహీ మిల్లు పోయింది, కాబట్టి ఒక సాక్షిని మిల్లు కార్మికుడిగా రాయడం కుదరక కొత్తవాడలో జంపఖానాలు నేసే మనిషిగా మార్చాను. అన్నిటికంటే పెద్ద మార్పు కోట నడుమ జరిగింది. మనం ఇవాళ చూసే నాలుగు తోరణాల మధ్య ఖాళీ మైదానం, పడిపోయిన రాళ్లు. అక్కడ స్వయంభూ శివాలయం ఉండేది. నా లోకంలో అది నిలబడే ఉంది, పొద్దున్నే గంట మోగుతుంది, తోరణాల కింద జనం నడుస్తారు. తోరణాన్ని మనం రాష్ట్ర చిహ్నంలో చూస్తూ అదొక బొమ్మ అనుకుంటాం. అదొక వాకిలి. దాని కిందినుంచి పిల్లలు పరిగెత్తే చోటు. ఈ మాట పట్టుకున్నాకే హత్య ఎలా జరగాలో తట్టింది.

హీరోలను ఎక్కడ పెట్టాలన్నది కోటే చెప్పింది. ఓరుగల్లు కోటకు 77 బురుజులనీ, ఒక్కో బురుజు ఒక్కో నాయకుడి కాపలా అనీ ఒక సంప్రదాయం ఉంది. నా లోకంలో ఆ పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. శక్తి ఉన్న మనిషికి ఒక బురుజు ఇస్తారు, బురుజు పేరే అతని పేరు. ముసుగులు లేవు, కేప్‌లు లేవు. కథకు కావలసింది నలుగురే. చెవిబురుజు నాయకురాలు కోటలో ఎక్కడి మాటైనా వింటుంది, ఎవరో ఒకరి చెవిలో తన మాట వేయగలదు, కానీ విన్నది నిజమో అబద్ధమో ఆమెకు తెలియదు. రాతిబురుజు నాయకుడు విరిగిన రాయి అతికిస్తాడు, విరగ్గొట్టలేడు. డప్పుబురుజు నాయకురాలు డప్పు కొడుతున్నంతసేపు చుట్టూ జనం కదలరు, ఆమె కూడా కదలలేదు. నాలుగోవాడు గాలిబురుజు నాయకుడు. ఏ వస్తువు బరువైనా తీసేయగలడు. ఒకసారి చేత్తో తాకిన వస్తువైతే చాలు, తర్వాత ఎంత దూరాన ఉన్నా పనిచేస్తుంది.

ఈ శక్తి రామప్ప నుంచి వచ్చింది. 1213లో గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన ఆ గుడి శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో వేస్తే తేలుతాయి. కింద పునాదిలో ఇసుక నింపి దాని మీద అంత బరువు నిలబెట్టారు. పైన తేలిక, కింద ఇసుక. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పుడు అందరూ శిల్పాల గురించి మాట్లాడారు. నాకు మాత్రం ఆ రెండు పదార్థాలే గుర్తుండిపోయాయి. తేలికను హతుడికి ఇచ్చాను, ఇసుకను హంతకుడికి ఇచ్చాను.

ఇక కేసు. సద్దుల బతుకమ్మ నాటి పొద్దున శివనగర్ మెట్ల బావి అడుగున గాలిబురుజు నాయకుడి శవం దొరికింది. ఊరంతటికీ తెలిసిన మనిషి, నీళ్లలో మునగని మనిషి. రోజూ తెల్లవారుజామున ఆ బావి నడుమ నీళ్ల మీద వెల్లకిలా పడుకుని ఆకాశం చూసేవాడు. ఒంటి మీద దెబ్బ లేదు. చెప్పులు పై మెట్టు మీద జతగా ఉన్నాయి. అదే పొద్దున కోటలో తూర్పు తోరణం దూలం కూలింది. అదృష్టం, ఎవరికీ ఏమీ కాలేదు. ఈ రెండు వార్తలు రెండు వేర్వేరు కవర్లలో ఇచ్చాం.

అసలు జరిగింది ఇది. గాలిబురుజు నాయకుడు ఒకసారికి ఒక్క వస్తువు బరువే తీయగలడు. తనను తాను తేలిక చేసుకుంటే ఇంకేదీ ఎత్తలేడు. ఇంకొకటి ఎత్తితే తాను మామూలు మనిషి. ఆ పొద్దున అతను బావి నడుమ తేలుతుండగా తోరణం దూలం ఒరగడం మొదలైంది, కింద తంగేడు పువ్వు, గునుగు పువ్వు రాశులు పోసుకుని పిల్లలు కూర్చున్నారు. చెవిబురుజు నాయకురాలు ఆ కేకలు విని అతని చెవిలో చెప్పింది. అతను తన తేలికను దూలానికి ఇచ్చాడు. ఆ క్షణమే నీళ్లలోకి జారిపోయాడు. ఈత రాదు. ఎన్నడూ మునగనివాడు ఈత ఎందుకు నేర్చుకుంటాడు? పిల్లలు బయటికి పరిగెత్తేదాకా దూలం గాలిలో ఆగింది. తర్వాత ఒక్కసారిగా పడింది. దూలం పడిన క్షణమే అతని ప్రాణం పోయిన క్షణం.

ఆ దూలం ఎందుకు ఒరిగింది? మరమ్మతు కోసం దాన్ని ఒక మొద్దు మీద నిలబెట్టారు, ఆ మొద్దు ఇసుక నింపిన పెట్టెలో ఉంది. బరువైన రాళ్లను మెల్లగా దించడానికి ఇది పాత పద్ధతి, పెట్టె అడుగున బిరడా తీస్తే ఇసుక జారుతూ బరువు కిందికి దిగుతుంది. ఆ పెట్టెను చెరువు నీరు కడిగేసింది. చెరువు నీటిని పంచేది నీరటి. తెల్లారి తూము ఎత్తడం అతని రోజువారీ పని. ఆ రోజు కూడా ఎత్తాడు, కట్ట మీద నలుగురూ చూశారు. అంతకుముందు రాత్రి ఒక చిన్న మడవ మాత్రం కోట వైపు తిప్పి పెట్టాడు, బిరడా వదులు చేశాడు. నీళ్లు కాలువలో నడిచి తోరణం చేరేసరికి అతను కట్ట మీదే ఉన్నాడు. బావి దగ్గరికి పోలేదు, తోరణం దగ్గర లేడు. తన పని తాను చేస్తూ చంపాడు.

ఎందుకు? కొన్నేళ్ల కింద చెరువుకు గండి పడింది. "గాలిబురుజు నాయకుడు ఉన్నడు, ఎవరూ కదలొద్దు" అని కోట నుంచి చాటింపు వేయించారు. కట్ట కింది పల్లె కదలలేదు. నాయకుడు ఆ రాత్రి కోట వాకిలి పైకప్పును పట్టుకుని నిలబడ్డాడు, అంతకు మించి పట్టుకోలేడు. ఆ సంగతి రాజదర్బారుకు తెలుసు, నాయకుడికి తెలుసు, జనానికి తెలియదు. నీరటి కూతురు ఆ నీళ్లలో పోయింది. వాకిలి దగ్గర నాయకుడి కాళ్లు చీలమండల దాకా బురదలో దిగిపోయి ఉండటం నీరటి కళ్లారా చూశాడు. గాలిలో నడిచే మనిషి బురదలో ఎందుకు దిగాడో అప్పుడే అర్థమైంది. దాచిపెట్టిన హద్దు కూతుర్ని తీసింది. ఆ హద్దుతోనే నాయకుణ్ణి తీశాడు.

కాగితం మీద ఇది నాకు ఎంతో నచ్చింది. మొదటి ఆటలో ఎవరికీ అందలేదు. ఒకసారికి ఒక్క వస్తువు అన్న నియమాన్ని నేను చివరి కవర్లో, వైద్యుడి రాతలో పెట్టాను. అంతదాకా దాస్తేనే ఆశ్చర్యం ఉంటుందనుకున్నా. హాల్లో ఐదు జట్లూ రాతిబురుజు నాయకుడి మీద పడ్డాయి. దూలం రాయి, అతను రాతి మనిషి, ఇంకేం కావాలి? నిజం చదివి వినిపించాక ఒక డిగ్రీ అమ్మాయి లేచి అన్నది: "సార్, మీకు ఎరుకున్నది మాకు చెప్పకుంట మమ్ముల ఓడగొట్టిండ్రు. మేము ఓడిపోలే." ఆ రాత్రి ఇంటికి పోయాక కూడా ఆ మాట వదల్లేదు. ఆమె అన్నది నూటికి నూరు పాళ్లు నిజం. రాజదర్బారు కట్ట కింది పల్లెకు ఏం చేసిందో నేను ఆ హాల్లో వాళ్లకు అదే చేశాను. హద్దు దాచి, నమ్మమన్నాను.

రెండో ప్రతి మొత్తం ఆ మాట చుట్టూ తిరిగింది. హత్య కంటే ముందు, ఇంకా ఎవరూ చావకముందు, ఒక చిన్న సన్నివేశం పెట్టాను. ఎంగిలిపూల నాడు చెరువు గట్టున ఒక అవ్వ పెద్ద బతుకమ్మ పేర్చింది, తల మీద ఎత్తుకోలేకపోతోంది. గాలిబురుజు నాయకుడు గాలిలో నడుచుకుంటూ వచ్చి, దిగి, నవ్వి, బతుకమ్మ మీద చెయ్యి పెడతాడు. అవ్వ ఒక వేలి మీద బతుకమ్మను పట్టుకుని ఆడవాళ్ల నడుమకు పోతుంది. అందరూ చప్పట్లు కొడతారు. చివర ఒక్క వాక్యం: అతని కాళ్లు గట్టు బురదలో చీలమండల దాకా దిగాయి, అవ్వ బతుకమ్మను నీళ్లలో వదిలేదాకా అక్కడే నిలబడ్డాడు.

ఇదే ఆ నియమం. పూర్తిగా కళ్ల ముందు ఉంది, కానీ పండుగ సంబరంలో కలిసిపోయింది. పాఠకుడికి ముందే ఇచ్చి కూడా దాచవచ్చని, దాచాల్సింది నిజాన్ని కాదు దాని ప్రాముఖ్యాన్ని అని నాకు ఆ వాక్యం రాసినప్పుడు తెలిసింది. దీన్ని ఎంచుకోవడానికి ఇంకో కారణం ఉంది. బతుకమ్మ మన దగ్గర ఎవరికీ వివరించనక్కరలేదు. పూల బరువు, నీళ్లలో వదలడం, గట్టు బురద, ఇవి అందరి ఒంటికీ తెలిసినవే. శక్తి కొత్తది, చుట్టూ ఉన్నదంతా పాతది అయినప్పుడు మనసు కొత్తదాన్ని ఒప్పుకుంటుంది.

ఒక నిజానికి ఒక్క ఆధారం ఉంటే సరిపోదు, అది చదవని జట్టు అక్కడే ఆగిపోతుంది. అందుకే నియమానికి ఇంకో రెండు దారులు పెట్టాను. గండి పడ్డ రాత్రి గురించి నేతమనిషి చెప్పే సాక్ష్యంలో బురదలో దిగిన కాళ్లు మళ్లీ వస్తాయి. తోరణం దగ్గరున్న పిల్లవాడు ఇలా చెబుతాడు: "దూలం పడవడ్తె ఆగింది. పక్షి లెక్క ఆగింది. మేం ఉరికినం. మళ్ల పడ్డది." పెద్దవాళ్లు ఆ మాటను పిల్లల భయంగా కొట్టిపారేస్తారు. ఇసుక దగ్గరికి వస్తే, ఆ వారమంతా వాన లేదని ఒక చోట, తోరణం అడుగున తడి ఇసుక విసనకర్రలా పరుచుకుందని ఇంకో చోట ఉంటుంది. కలుపుకునే పని వాళ్లది.

వైద్యుడి పరీక్ష కాగితం మీద కాస్త శ్రద్ధ పెట్టాను, ఎందుకంటే ఆ లోకం ఎంత వేరైనా శరీరం శరీరమే. బతికుండగా నీళ్లలో మునిగిన మనిషి నోటి దగ్గర, ముక్కు దగ్గర సన్నని తెల్లని నురగ ఉంటుంది, తుడిచినా మళ్లీ వస్తుంది. నీళ్లలో డయాటమ్‌లు అనే సూక్ష్మ నాచు ఉంటుంది, దాని చుట్టూ సిలికా పెంకు. ఊపిరి ఆడుతూ నీళ్లు లోపలికి పీలిస్తే ఆ పెంకులు ఊపిరితిత్తుల్లోంచి రక్తంలో చేరి ఎముక మజ్జ దాకా పోతాయి. గుండె ఆగాక పడేసిన శవంలో రక్తం నడవదు కాబట్టి అంత లోపలికి పోలేవు. ఆ ఒక్క పరీక్ష చాలదు గానీ, మిగతా గుర్తులతో కలిస్తే మాట్లాడుతుంది. నా కాగితంలో మజ్జలో దొరికిన నాచు బావి నీటిలో ఉన్నదే. అంటే అతన్ని ఎక్కడో చంపి తెచ్చి పడేయలేదు. ఇంకోటి కూడా రాశాను. అప్పుడే పోయిన శవం సాధారణంగా మునుగుతుంది, లోపల వాయువులు పుట్టాకే పైకి తేలుతుంది. మునగని మనిషి ఎలా మునిగాడన్న పెద్ద ప్రశ్నకు జవాబు సగం అక్కడే ఉంది. ప్రాణం పోతే శక్తీ పోతుంది. అసలు అడగాల్సింది ప్రాణం ఉండగా ఎందుకు మునిగాడని.

రెండో ఆటలో రెండు జట్లు ఛేదించాయి. మిగతావాళ్లు చెవిబురుజు నాయకురాలి దగ్గర ఆగారు, ఎందుకంటే తాను అతన్ని పిలిచిన సంగతి ఆమె దాస్తుంది. దాచేది భయంతో కాదు, తన మాటే అతన్ని చంపిందేమోనన్న కుమిలింపుతో. ఆమెకు హద్దు తెలియదు.

మూడో ఆటలో అందరూ నీరటి దగ్గరికి చేరారు. అప్పుడు నేను ఊహించని గొడవ లేచింది. ఇది హత్యేనా? నాయకుడు తనంతట తాను ఎంచుకున్నాడు కదా, ఎవరూ తొయ్యలేదు కదా అని ఒక జట్టు. అయితే మరి నీరటి ఏం చేశాడంటారు అని ఇంకో జట్టు. హాల్లో న్యాయశాస్త్రం చదివే ఒకతను ఉన్నాడు. 1860 నాటి శిక్షాస్మృతి 299వ సెక్షన్‌లో ఉన్న మొదటి ఉదాహరణ చెప్పాడు, 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 100వ సెక్షన్‌లోనూ అదే ఉంది. ఒకడు చంపాలనే ఉద్దేశంతో గొయ్యి మీద కర్రలు పరిచి పచ్చిక కప్పుతాడు. గట్టి నేల అనుకుని ఇంకొకడు అడుగు వేస్తాడు, పడి చస్తాడు. కప్పినవాడు ప్రాణం తీసిన నేరం చేసినట్టే. అడుగు వేసింది చనిపోయినవాడే అయినా సరే.

"కానీ మన నాయకుడికి గొయ్యి కనవడ్డది," అన్నాడు ఎదుటి జట్టులో ఒకాయన, స్కూలు టీచరు. "ఎరుకుండే అడుగు వెట్టిండు."

"అదే మరి నీరటి నమ్మకం," అన్నది వెనక నుంచి ఒకావిడ. "అడుగు పెడతడని నమ్మిండు. ఊర్లె అందరికన్న ఎక్కువ నమ్మింది ఆయన్నే వాడు."

నేను ఆ మాట రాయలేదు. రాసి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. పిల్లల ప్రాణాలను పందెం పెట్టి, ఆ పందెంలో నాయకుడు ఓడిపోనివ్వడని నమ్మి, ఆ మంచితనాన్నే ఉరితాడుగా వాడిన మనిషి. నా నీరటి లోపల ఇంత ఉందని ఆ సాయంత్రం దాకా నాకు తెలియదు. అరగంట వాదించారు. నేను ఆపలేదు, సమయం దాటినా హాలు ఖాళీ చేయమని ఎవరూ అనలేదు.

సూపర్ హీరోల హత్య కథ రాయబోయేవాళ్లకు పనికొచ్చే మాట నా దగ్గర ఒకటుంది. శక్తుల జాబితా రాయకండి, ముందు ప్రతి శక్తి పక్కన అది ఏం చేయలేదో రాయండి. తర్వాత ఆ చేయలేనితనం వల్ల ఎవరికి నష్టం జరిగిందో వెతకండి. నీరటి నాకు అలాగే దొరికాడు. ఆయన్ని మొదట కాలువ గురించి చెప్పే చిన్న సాక్షిగానే రాశాను.

చివర్లో ఒక మార్పు. ముగింపులో చెవిబురుజు నాయకురాలు నిజం తెలిశాక చెప్పే మాట ఉంది. నేను రాసింది: "నేను పిలవకపోయి ఉంటే ఆయన బతికేవాడు." మూడో ఆటలో ఆ పాత్ర నర్సింగ్ చదివే అమ్మాయికి వచ్చింది. కాగితం చూసింది, కాసేపు చదవలేదు. తర్వాత మడిచి పక్కన పెట్టి, తన మాటగా అన్నది: "మళ్ల అట్లయితే మళ్ల పిలుస్త. కింద పోరగాండ్లున్నరు గద." కాసేపటికి ఇంకా చిన్నగా, "ఈసారి ఈత నేర్పి పిలుస్త."

నా వాక్యం కొట్టేశాను. ఇప్పుడు ప్రతిలో ఆమెదే ఉంది.